కంప్యూటరు తెర సభ్యునకు సుబోధముగా నుండవలెను



మన ఊరి పేరులోనే చెరువున్నది. చెరువు కట్టించిన పెద్దలు కట్టతో నూరకొనక తూమును గూడ నిర్మించిరి. తూము తెఱచియున్నదో మూసియున్నదో కట్టమీద నిలిచిన పిల్లవానికి సైతము తెలియును. నీరు ఎంతవరకు దిగినదో రాతిమీది తడి గుర్తే చెప్పును. పని నీరుగంటి చేతిలో నుండినను, దాని ఫలితము ఆయకట్టు రైతులందరి కన్నులకు కనబడుచుండెను. కావుననే నీటి విషయమున తగవు వచ్చినపుడు పదిమందియు తూము కడకు పోయి, చూచి, నిర్ణయించుకొనగలిగిరి.

నేడు మన భూమి లెక్కయు, పంట లెక్కయు, అప్పు లెక్కయు ఒక గాజు తెర వెనుకకు చేరినవి. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. సంఘముల లెక్కలన్నియు ఒకే తీరు సాఫ్ట్‌వేరులో నుండవలెననియు, అది ఆయా ప్రాంతీయ భాషలలో నడువవలెననియు ఆ పథకపు ఉద్దేశము. ఇది మంచి పనియే. చిట్టాలోని కొట్టివేతలు, లెడ్జరులోని తప్పు కూడికలు దీనివలన తగ్గును. అయితే లెక్క యంత్రములో సరిగా నుండుట యొకటి. ఆ లెక్కను సభ్యుడు చూచి గ్రహింపగలుగుట మఱియొకటి. ఈ రెండవదానిని గూర్చియే ఈ పాఠము.

కంప్యూటరును నడపు విద్యను మేమిచ్చట చెప్పబోము. తెర ఎట్లుండిన రైతునకు బోధపడును, బోధపడని తెరను ఎట్లు గుర్తింపవలెను, దానిని దిద్దించుకొనుటకు సంఘసభ్యులుగా మనమేమి చేయవలెను అను మూడు సంగతులను మాత్రము చెప్పుదుము. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వానపై బ్రదుకు ఈ మెట్టసీమలో వేరుసెనగ చేతికి రాని యేట బీమా, రాయితీ, వాయిదా గడువు అనునవియే కుటుంబమునకు ఆధారము. అట్టి ఆధారము తెరమీది ఒక్క గడిలో పడిన తప్పుచేత జారిపోరాదు.

1. తప్పు ఎవరిది?

కొంతకాలము క్రిందట ఒక కార్యాలయమున మేము కన్నులార చూచిన సంగతి యొకటి కలదు. వయసు మళ్లిన రైతొకరు పంట వివరములు వ్రాయించుటకు వచ్చిరి. ఆయన భూమి రెండున్నర ఎకరములు. తెరమీద “విస్తీర్ణము” అని యొక గడి కలదు. కూర్చున్న కుఱ్ఱవాడు “ఎంత తాతా?” అని యడిగి, ఆయన చెప్పినట్లు 2.5 అని వేసెను. యంత్రము కిక్కురుమనక గైకొని, “విజయవంతము” అని చూపెను. ఇరువురును సంతోషించిరి.

ఆ గడి కోరినది ఎకరములు కాదు, హెక్టారులు. ఒక హెక్టారు సుమారు 2.47 ఎకరములు. కనుక ఆ రైతు పేర 6 ఎకరముల 18 సెంట్లు నమోదయ్యెను. భూమి లెక్కతో సరిపోలలేదని ఆ దరఖాస్తును ప్రక్కన పెట్టిరి. ఆయన మూడుమారులు తిరిగి కారణము తెలిసికొనునప్పటికి గడువు దాటెను. “ఏమి నాయనా, నాకు ఉండేది రెండున్నర ఎకరానే గదా! నేను అబద్ధము చెప్పితినా?” అని ఆయన అడిగిన మాట మాకిప్పటికిని మఱపునకు రాదు.

తప్పు ఎవరిది? రైతు నిజమే చెప్పెను. కుఱ్ఱవాడు విన్నదే వ్రాసెను. గడి ప్రక్క “హెక్టారులలో” అను ఒక్క మాట లేకపోవుటయే తప్పు. లేదా, 2.5 అని వేసిన వెంటనే “అనగా 6 ఎకరముల 18 సెంట్లు, నిజమేనా?” అని తెర యొకసారి యడిగియుండినచో ఆ రైతు పంట నిలిచెడిది. ఇట్టి మాట వ్రాయుటకు ఖర్చు లేదు. వ్రాయవలెనను తలంపు మాత్రము కావలెను.

కావున మొదటి పాఠమిది. తెర తెలియనపుడు “మాకు చదువు రాదు, మా కర్మము” అని తలవంచరాదు. పదిమంది ఒకేచోట తడబడుచున్నచో లోపము పదిమందిలో లేదు. ఆ చోటనే కలదు. బాటలో ఒకే రాతికి ఊరందరి కాళ్లు తగులుచుండగా, కాళ్లను నిందింపక రాతిని తీసివేయుదుము గదా!

2. ఓటు యంత్రము నేర్పిన విద్య

చదువురానివారు సైతము తడబాటు లేక వాడునట్టి యంత్రము సాధ్యమా యని కొందరు సందేహింతురు. అట్టిదానిని మనమందరము వాడియేయున్నాము. అది ఓటు యంత్రము. దాని పుట్టుకలో మన తెలుగుగడ్డకు భాగము కలదు.

1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఓటరులలో అత్యధికులు నిరక్షరాస్యులు. కనుక అభ్యర్థికొక పెట్టె, ఆ పెట్టెమీద ఆయన గుర్తు ఏర్పాటు చేసిరి. పేరు చదువనక్కర లేదు. గుర్తు చూచి కాగితము వేసిన చాలును. తరువాత 1977లో ఎన్నికల సంఘము హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను యంత్రము నొకదానిని రూపొందింపుమని కోరగా, 1979లో నమూనా సిద్ధమయ్యెను. పిమ్మట బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు ఈ పనిలో చేరెను. 1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో దానిని తొలిసారి వాడిరి. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతట యంత్రములతోనే జరిగినవి.

ఆ యంత్రమును నిదానించి చూడుడు. అందు రెండు పెట్టెలు కలవు. ఒకటి అధికారి కడ, మఱియొకటి ఓటరు కడ ఉండును. అధికారి పెట్టెలోని మీటలు, లెక్కలు, సీళ్లు ఓటరు ఎదుటికి రావు. ఓటరు ఎదుట నుండునది పేరు, గుర్తు, వాని ప్రక్క నీలి మీట మాత్రమే. మీట నొక్కగానే ఆ గుర్తు ప్రక్క ఎఱ్ఱ దీపము వెలుగును. దీర్ఘమైన కూత వినబడును. ఆ తరువాత చేర్చిన చీటీ యంత్రమునందు, తాను వేసిన గుర్తు అచ్చుపడిన కాగితము అద్దము వెనుక ఏడు సెకండ్లు కనబడును. పొరపాటున రెండుమారులు నొక్కినను రెండు ఓట్లు పడవు.

ఇందలి నీతులను లెక్కింపుడు. చేయవలసిన పని ఒక్కటి. దానికి మీట ఒక్కటి. మీట ఏ గుర్తునకు చెందినదో దాని ప్రక్కనే యుండుటచేత సందేహము లేదు. పని జరిగినదని కంటికి దీపము, చెవికి కూత, చేతివ్రాతవంటి సాక్ష్యముగా చీటీ. రెండవ నొక్కునకు కీడు లేదు. అధికారికి కావలసినవి అధికారి కడనే యుండినవి.

మన సంఘములో జరుగుచున్న ముఖ్యమైన పొరపాటు ఈ కడపటి దానియందే కలదు. గుమాస్తా పనికొఱకు ఏర్పడిన తెరనే సభ్యునివైపు త్రిప్పి “చూచుకొమ్ము” అనుట వలన ప్రయోజనము లేదు. గుమాస్తాకు ముప్పది గడులు కావలెను; ఆయన దినమెల్ల వానితోనే పనిచేయును గనుక అలవాటు పడును. సభ్యుడు ఏడాదికి రెండు మూడు మారులు వచ్చును. ఆయనకు కావలసినవి అప్పు ఎంత, గడువు ఎప్పుడు, వాటాధన మెంత అను మూడు నాలుగు సంగతులే. కావున గుమాస్తా తెర వేఱు, సభ్యుని తెర వేఱు కావలెను.

మంచి యంత్రము గూడ ఎంపికలు మితిమీరినపుడు భారమగును. 2019 ఏప్రిల్ 11వ తేదీన తెలంగాణములోని నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో అత్యధికులు పసుపునకు, ఎఱ్ఱజొన్నకు గిట్టుబాటు ధర కోరిన రైతులు. ఒక్కొక్క ఓటు పెట్టెలో 16 పేర్లే పట్టును గనుక, ప్రతి కేంద్రమున 12 పెట్టెలు పేర్చవలసివచ్చెను. తన గుర్తు ఏ పెట్టెలో నున్నదో ఓటరు వెదకుకొనవలసిన స్థితి ఏర్పడెను. రైతుల కోరిక న్యాయమైనదే. ఆ సంగతి వేఱు. ఎంపికలు పెరిగినకొలది వెదకులాట పెరుగునని మాత్రము దీనివలన గ్రహింతము. సెల్‌ఫోను తెరపై ఇరువది బొమ్మలు గ్రుమ్మరించి “కావలసినది నొక్కుడు” అనుటయు నిట్టిదే.

3. మాట తెలిసినదై యుండవలెను

తెరను తెలుగు చేసిన చాలునని కొందరి భావము. చాలదు. “ప్రమాణీకరణ విఫలమైనది” అను మాట తెలుగు లిపిలో నుండినను, బ్యాంకులో నిలిచిన రైతునకు అది ఇంగ్లీషుకంటె మేలైనది కాదు. “వ్రేలిముద్ర సరిపోలేదు, వ్రేలు తుడిచి మరల పెట్టుడు” అన్నచో ఏమి జరిగినదో, ఏమి చేయవలెనో రెండును తెలిసినవి. పార పట్టి అరిగిన వ్రేళ్లకు ముద్ర సరిగా పడకుండుట మనలో పెక్కుమందికి అనుభవమే. ఈ కారణము చేతనే పీఎం కిసాన్ యాప్‌నందు 2023లో ముఖము చూపి గుర్తింపు పొందు పద్ధతిని గూడ చేర్చిరి.

లోను, స్టార్టరు, రసీదు, బ్యాంకు అను మాటలు ఎచ్చటినుండి వచ్చినను మన నోట నానినవి. వానిని తీసివేసి కొత్త సంస్కృతపదములు పెట్టుట అక్కరలేని శ్రమ. మా పత్రిక గ్రాంథికమున వ్రాయబడుచున్నను, తెర గ్రాంథికము మాటలాడవలసిన పని లేదు. రచ్చకట్ట మీద ఏ మాట చెల్లునో ఆ మాటయే తెరమీద నుండవలెను. ఒక వస్తువునకు ఒకచోట “ఋణము”, ఒకచోట “లోను”, మఱియొకచోట “బకాయి” అని మూడు పేర్లు పెట్టినచో, మూడు వేఱు బాకీలున్నవని సభ్యుడు భయపడును.

అంకెల విషయమున మఱింత జాగ్రత కావలెను. మన వైపు ఎకరమునకు 100 సెంట్లు. మన పొరుగున కర్ణాటకములోని పావగడ తాలూకాలో ఎకరమునకు 40 గుంటలు. “2-20” అని వ్రాసినచో మనకు అది రెండెకరముల ఇరువది సెంట్లు. అచ్చట రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. అంకె యొక్కటే, భూమి వేఱు. తేదీలును అట్టివే. “04-06” అన్న మనకు జూన్ 4. అమెరికా పద్ధతి యంత్రమునకు ఏప్రిల్ 6. కావున నెలను అంకెలో గాక “జూన్ 4” అని పేరుతో వ్రాయవలెను. కొలతగల ప్రతి అంకె ప్రక్కన దాని కొలత పేరు నుండవలెను.

ఇందు ధనము ఎట్లు ముడిపడియున్నదో చూడుడు. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పద్ధతి ననుసరించి, 3 లక్షల రూపాయల వరకు కిసాన్ క్రెడిట్ కార్డు పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువు దాటక చెల్లించినవారికి అందులో 3 శాతము తగ్గును. 2025-26 సంవత్సరమునకు గూడ ఈ పద్ధతిని కొనసాగించిరి. లక్ష రూపాయల అప్పు ఏడాది యున్నచో ఆ తగ్గింపు 3,000 రూపాయలు. గడువు తేదీ తెర యడుగున సన్నని అక్షరములలో నుండుటచేత సభ్యుడు పదిదినములు ఆలస్యము చేసినచో, ఆ సన్నని అక్షరముల వెల మూడువేలన్నమాట! గడువు తేదీ తెర తలమీద, పెద్ద అక్షరములలో, “ఈ తేదీలోపల కట్టిన ఇంత తగ్గును” అని యుండవలెను.

4. రంగు, బొమ్మ

చదువురానివారికి రంగులు, బొమ్మలు సాయపడునని చెప్పుదురు. నిజమే, అయితే వానిని గూడ నేర్పవలెను. పురుగుమందు డబ్బాపై కోణము మీద నిలిచిన చతురస్రపు గుర్తు నందరును చూచియుందురు. 1971 నాటి కీటకనాశనుల నియమముల ననుసరించి దాని క్రింది సగమున నుండు రంగు విషతీవ్రతను తెలుపును. ఎఱుపు అత్యంత విషము; పసుపు అధిక విషము; నీలము మధ్యమము; ఆకుపచ్చ స్వల్పము. ఎఱుపు గుర్తుగల డబ్బాపై పుఱ్ఱె బొమ్మ గూడ నుండును.

పుఱ్ఱె బొమ్మను చూచి భయపడుమని ఎవరును చెప్పనక్కర లేదు. ఆకుపచ్చ సంగతి అట్లు కాదు. పైరు పచ్చగా నుండుట మనకు శుభము గనుక, ఆకుపచ్చ గుర్తును చూచి “ఇది చెఱుపు చేయని మందు” అని భ్రమపడు వారు కలరు. అదియు విషమే, తక్కువ విషము, అంతే. కాబట్టి బొమ్మగాని రంగుగాని పెట్టినవాని తలంపు ఏమి యని గాక, చూచువాని కేమి తోచుచున్నదని విచారింపవలెను. తెరమీది బొమ్మలను గూడ ఇట్లే పరీక్షింపవలెను. మూడు అడ్డుగీతలు చూచినవారికి దాని వెనుక పట్టిక యున్నదని ఎట్లు తోచును? బొమ్మ క్రింద ఒక మాట వ్రాసినచో చదువు వచ్చినవారు చదువుదురు, రానివారు బొమ్మను గుర్తుంచుకొందురు, ఇరువురకును మేలే.

5. పని జరిగినదా, లేదా?

బోరు మోటారు స్టార్టరు మీద దీపము వెలిగినది. నీరు వచ్చుచున్నదా? అనుభవముగల రైతు దీపమును నమ్మి ఇంటికి పోడు. గొట్టపు మూతికడకు పోయి చూచును. దీపము కరెంటు వచ్చినదని చెప్పునే గాని, బోరులో నీరున్నదని చెప్పదు.

ఈ చిన్న భేదము తెలియకపోవుట వలన పెద్ద ఉపద్రవము జరిగినది. 1979 మార్చి 28వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున త్రీమైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రములో నొక కవాటము తెఱచుకొని మూసికొనక నిలిచిపోయెను. పర్యవేక్షకుల ఎదుటి పలకపై దీపము మాత్రము ఆరిపోయెను. ఆ దీపము ఆరుటకు అర్థము “మూసికొనుమని ఆజ్ఞ పంపితిమి” అని మాత్రమే; “మూసికొనెను” అని కాదు. వారు రెండవ అర్థమును గ్రహించిరి. ఆ తెఱపినుండి చల్లబఱచు నీరు పోవుచునేయుండెను. అణుకోష్ఠములోని ఇంధనము కొంత కరిగిపోయెను. వారు సుశిక్షితులైన పనివారు. చదువురాక తప్పుచేసిరని వారిని ఎవరనగలరు?

మన తెరలమీద “విజయవంతము”, “సబ్మిట్ అయినది” అను మాటలు పెక్కు సందర్భములలో ఆ దీపమువంటివే. దరఖాస్తు ఇచ్చటినుండి వెడలినదని మాత్రము వాని అర్థము. అధికారి చూచెనా, ఒప్పుకొనెనా, డబ్బు ఖాతాలో పడెనా అనునవి వేఱు మెట్లు. కావున తెర ఇట్లు చెప్పవలెను: “మీ దరఖాస్తు చేరినది. ఇంకను పరిశీలింపలేదు. ఫలాని తేదీలోపల కబురు రానిచో ఫలాని చోట అడుగుడు.” సగము పనిని పూర్తిపనిగా చూపుట కంటె, “ఇంకను కాలేదు” అని నిజము చెప్పుట రైతునకు మేలు.

6. వెనుకకు వచ్చు దారి

పొలమున తప్పుగా సాలు పోయినచో ఎద్దులను త్రిప్పుకొని మరల దున్నుకొందుము. తెరమీద గూడ వెనుకకు వచ్చు దారి యుండవలెను. పంపుటకు ముందు “మీ పేరు ఇది, భూమి ఇంత, పంట వేరుసెనగ, సరియేనా?” అని యొకసారి చూపవలెను. కాదన్నచో ఆ ఒక్క గడిని దిద్దనీయవలెను; మొదటినుండి అన్నియు మరల వ్రాయింపరాదు. తప్పు జరిగినపుడు “లోపము 402” అని అంకె చూపుట ఎవరికిని ఉపకరింపదు. ఏ గడిలో, ఏమి తప్పు, ఎట్లు దిద్దవలెను అని చెప్పవలెను.

డబ్బు పోవు చోట మాత్రము తొందర కూడదు. ఫోనులో యూపీఐ వాడు సభ్యులందరును ఈ యొక్క సంగతిని నోటి లెక్కవలె గుర్తుంచుకొనవలెను: రహస్యపు పిన్ అంకెలు డబ్బు పంపుటకే గాని, డబ్బు పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కర లేదు. “మీకు సొమ్ము వచ్చినది, పిన్ కొట్టి తీసికొనుడు” అన్నవాడు మోసగాడు. ఇచ్చుటకును పుచ్చుకొనుటకును చూపు తెరలు ఒకే పోలికగా నున్నప్పుడు ఇట్టి మోసములు సులువగును. “మీ ఖాతానుండి 2,000 రూపాయలు పోవును” అని పెద్ద అక్షరములలో వ్రాసి, తెలుగులో పలికించినచో చేయి ఒక క్షణమైనను ఆగును. ఆ క్షణమే కాపాడును.

7. రైతు కడనున్న ఫోనుకే మాట చేరవలెను

సుబోధమైన తెర యనగా ఖరీదైన ఫోను అని అర్థము కాదు. 2016 ఖరీఫునందు పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనాలయమును, మైక్రోసాఫ్టు సంస్థయు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 175 మంది వేరుసెనగ రైతులకు విత్తనము వేయు సమయమును తెలుపు ప్రయత్నము చేసిరి. వెనుక పెద్ద గణితము నడచెను: ఎన్నో ఏండ్ల వానలెక్కలు, నేల తేమ, వాతావరణ సూచనలు. రైతు కడకు చేరినది మాత్రము మామూలు ఫోనులో తెలుగు సందేశము. ఏ యాప్‌ను దించుకొననక్కర లేదు. పొలములో ఏ యంత్రమును పాతనక్కర లేదు. సూచన ననుసరించినవారికి సగటున 30 శాతము అధిక దిగుబడి వచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. ఆ ఫలితమునకు వాన, నేల, విత్తనము అన్నియు కారణములగును గాని, మాట రైతునకు తెలియునట్లు చేరనిచో ఎంతటి గణితమును కాగితముమీదనే నిలిచిపోయెడిది.

8. మన సంఘము చేయవలసినది

తెర మంచిదో కాదో తెలిసికొనుటకు పండితులు అక్కర లేదు. జేకబ్ నీల్సన్ అను నిపుణుడు, అయిదుగురు మామూలు మనుష్యులచే వాడించి చూచినచో పెక్కు లోపములు బయటపడునని 2000వ సంవత్సరమున వ్రాసెను. అయిదుగురు మన సంఘములో దొరకకపోరు. మేము సూచించు పద్ధతి యిది.

ఒక కౌలు రైతును, ఒక మహిళా సభ్యురాలిని, కన్నద్దములు లేక అక్షరము కనబడని పెద్ద నొకరిని, చదువురాని సభ్యు నొకరిని, ఫోను వాడుక తెలిసిన యువకు నొకరిని పిలువుడు. ఒక్కొక్కరినే తెరముందు కూర్చుండబెట్టి మూడు పనులు చెప్పుడు: “మీ బాకీ ఎంతో చూడుడు. కట్టవలసిన తేదీ ఏదో చెప్పుడు. మీ పంట ఏ పేరుతో, ఎంత భూమికి వ్రాయబడినదో చూడుడు.” ఆ తరువాత గుమాస్తా నోరు మెదపరాదు, వ్రేలు చూపరాదు. ఇది మిక్కిలి కష్టము. సాయము చేయవలెనని మనసు కొట్టుకొనును. అయినను ఊరకుండవలెను. సభ్యుని వ్రేలు ఎచ్చట ఆగినదో, ఏ మాట కడ మొగము చిట్లించెనో వ్రాసికొనవలెను. వ్రాసికొనునది తెర లోపములనే గాని, సభ్యుని లోపములను కాదని ముందుగానే వారికి చెప్పవలెను. లేనిచో పరీక్ష వ్రాయు పిల్లలవలె భయపడుదురు.

కొన్ని దిద్దుబాట్లు మన చేతిలోనే కలవు. కాటాలో తూకము అమ్మువానికిని కొనువానికిని కనబడవలెనని మనము పట్టుబట్టుదుము గదా. అట్లే గుమాస్తా బల్లపై సభ్యునివైపు తిరిగిన రెండవ తెర యొకటి యుండవలెను. ప్రతి నమోదునకు తెలుగులో ముద్రించిన రసీదు నీయవలెను. చదువురానివారికి గుమాస్తా దానిని పైకి చదివి వినిపింపవలెను. సాఫ్ట్‌వేరులోనే దిద్దవలసినవాటిని పట్టికగా వ్రాసి, సర్వసభ్య సమావేశమున తీర్మానము చేసి జిల్లా బ్యాంకునకు పంపవలెను. “తెర బాగులేదు” అన్నచో ఎవరును వినరు. “విస్తీర్ణము గడిలో కొలత పేరు లేదు, అయిదుగురిలో నలుగురు అచ్చట తప్పిరి” అన్నచో త్రోసిపుచ్చుట కష్టము.

రైతులు కొంత నేర్చుకొనరాదా యని గుమాస్తాలు మమ్మడుగవచ్చును. నేర్చుకొనవలసినదే. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి అనంతపురము జిల్లాలో ఏడేండ్లు దాటిన ప్రతి వందమందిలో సుమారు 36 మందికి చదువు రాదు. ఆ కొఱత తీరవలెను. అయితే గడువు చదువుకొఱకు ఆగదు. చదువురాని సభ్యుడు నేడు తన ఫోనును, పిన్‌ను మఱియొకరి చేతిలో పెట్టి “నీవే చూడు నాయనా” అనుచున్నాడు. ఆ నమ్మిక ఒకచోట నిలుచును, ఒకచోట చెడును. తన లెక్కను తానే చూచుకొనగలుగుట సహకారమునకు మూలము. సభ్యునకు కనబడని లెక్క ఎంత సరియైనదైనను, ఆ సంఘము ఆయనది కాదు.

సంఘమున చర్చించుటకు ప్రశ్నలు

1. మీ సెల్‌ఫోనునకు ఇటీవల వచ్చిన బ్యాంకు సందేశము నొకదానిని చదువుడు. అందు సొమ్ము వచ్చినదో పోయినదో మొదటి పంక్తిలోనే తెలిసినదా?

2. మీ భూమి విస్తీర్ణము పాసుపుస్తకమునందును, పంట నమోదునందును, సంఘపు లెక్కయందును ఒకే కొలతలో నున్నదా?

3. మీరు పంపిన దరఖాస్తులలో “చేరినది”, “ఒప్పుకొనబడినది” అను రెండింటికి భేదము చూపినవి ఎన్ని?

4. మన సంఘపు తెరమీది ఏ మాటను మార్చవలెను? దాని స్థానమున మీ ఇంటిలో వాడు మాట యేది?

సభ్యులు తమ సమాధానములను వ్రాసిగాని, వ్రాయలేనివారు నోటితోగాని సంఘ కార్యదర్శికి తెలుపవలెనని కోరుచున్నాము. నాలుగవ ప్రశ్నకు వచ్చిన మాటలను రాబోవు సంచికలో ప్రకటింతుము.